ఒక్క యూరోకే ఇల్లు: సిసిలీ కొండ ఊళ్లు అసలు అమ్ముతున్నదేమిటి?

'ఇటలీలో వంద రూపాయలకే ఇల్లు' అన్న వార్త వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండుసార్లైనా తిరుగుతుంది. కింద ఒక ఫొటో ఉంటుంది: కొండ మీద గుంపుగా రాతి ఇళ్లు, మధ్యలో చర్చి గోపురం, వెనక ఆలివ్ తోటలు. 'వెళ్లిపోదామా?' అని ఒకరంటారు, 'అంతా ఫ్రాడ్' అని ఇంకొకరు కొట్టిపారేస్తారు. వార్త అబద్ధం కాదు. అయితే ఆ ఒక్క యూరో ఇంటి ఖరీదు కూడా కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే ఆ ఊళ్లు కొండ మీద ఎందుకు కట్టారు, ఎందుకు ఖాళీ అయ్యాయి, తాళం వేసిన ఇంటి కాగితాలు ఎవరి దగ్గరున్నాయి అన్న మూడు సంగతులు చూడాలి.

సంబూకాలో 2019లో ఏం జరిగింది

సిసిలీ దీవి నైరుతి భాగంలో, అగ్రిజెంతో జిల్లాలో, సముద్ర మట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున సంబూకా ది సిసీలియా అనే ఊరుంది. జనాభా ఆరు వేల లోపే. ఊరిని పెట్టింది అరబ్బులు. పాత పేటలో 'ఏడు సందులు' అని పిలిచే ఇరుకు దారులు ఆ కాలపు గుర్తే. ఆ సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదిగి దారివ్వాలి. గోడలు మందం, కిటికీలు చిన్నవి, పైన మట్టి పెంకులు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. ఊరి కింద అరంచో అనే చెరువు ఉంది, నదికి ఆనకట్ట కట్టడంతో ఏర్పడింది. అందులో మజ్జల్లక్కర్ అనే పాత కోట మిగిలి ఉంది. నీరు పెరిగితే మునుగుతుంది, తగ్గితే గుండ్రటి బురుజులు పైకి తేలతాయి. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం చుక్క రాలదు. కాబట్టి కోట మునిగేదీ తేలేదీ మన చెరువుల లెక్కకు తలకిందులుగా ఉంటుంది.

2019 జనవరిలో ఈ ఊరి పురపాలక సంఘం 16 పాడుబడిన ఇళ్లను ఒక్కో యూరో ప్రారంభ ధరతో వేలానికి పెట్టింది. 'ప్రారంభ ధర' అన్న మాట వాట్సాప్‌కు చేరేలోపే రాలిపోతుంది. పాటలో కొన్ని ఇళ్లు కారుచౌకగా పోయినా, ఒకటి 25,000 యూరోల దాకా వెళ్లింది. అమెరికన్ నటి లోరేన్ బ్రాకో కూడా ఇక్కడే ఒక ఇల్లు కొని, దాని మరమ్మతును టీవీ షోగా తీశారు. 2021లో ఊరు రెండో విడత పెట్టింది, ఈసారి రెండు యూరోల నుంచి. 2024లో మూడో విడత, మూడు యూరోల నుంచి. ఆ ఊరివాళ్లకు హాస్యం తక్కువేమీ కాదు.

ఈ ఆలోచన మొదలైంది సంబూకాలో కాదు. 2008లో పక్క జిల్లాలోని సలేమికి మేయరైన కళా విమర్శకుడు విత్తోరియో స్గార్బి దీన్ని మొదట గట్టిగా ప్రచారం చేశారు. అక్కడ అప్పట్లో పెద్దగా ముందుకు సాగలేదు. తర్వాత సిసిలీలోనే ఉన్న గాంజి, ముసోమెలి, సార్దీనియా దీవిలోని ఒల్లొలాయ్ లాంటి ఊళ్లు అందుకున్నాయి.

ఊరు కొండెక్కిన కథ

దీపం ఆరిపోతే మనం 'కొండెక్కింది' అంటాం. మధ్యధరా ఊళ్లు మాత్రం బతకడానికే కొండెక్కాయి.

మొదటి కారణం భయం. సముద్రపు దొంగలు తీరం మీద పడి మనుషుల్ని ఎత్తుకుపోయే రోజుల్లో ఎత్తు మీద ఉండటమే రక్షణ. రెండోది భూమి. చదునుగా, సారంగా ఉన్న నేలంతా గోధుమకు కావాలి, ఇళ్లు కట్టి దాన్ని పాడుచేసుకోరు. రాళ్ల గుట్ట మీద ఇల్లు, కింద పొలం.

మూడోది దోమ. పల్లపు చిత్తడి నేలల్లో జ్వరాలు విపరీతం. అది చెడు గాలి వల్ల వస్తుందనుకుని ఇటాలియన్లు 'మల్ అరియా' అన్నారు, ఆ మాటే మలేరియా. అది గాలి తప్పు కాదని తేలడంలో మన ఊరి పాత్ర కూడా ఉంది. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడాదే ఇటలీలో జొవాన్ని బత్తీస్తా గ్రాస్సి, ఆయన సహచరులు మనుషులకు దాన్ని అంటించేది అనాఫలిస్ దోమేనని నిరూపించారు. ఆ ఘనత ఎవరిదని ఇద్దరూ చాలాకాలం కొట్లాడుకున్నారు. నోబెల్ రాస్‌కే వచ్చింది.

ఫలితంగా రైతు కాపురం కొండ మీద, పని లోయలో. తెల్లవారక ముందే కంచర గాడిదను తోలుకుని గంటా రెండు గంటలు కిందికి నడవాలి, చీకటి పడ్డాక అంతే దూరం పైకి ఎక్కాలి. పొలం కూడా చాలావరకు తనది కాదు, పెద్ద భూస్వాములది. పాత పేట ఇళ్లను చూస్తే ఈ బతుకంతా కనిపిస్తుంది: కింది గది గాడిదకు, దాని పక్కన నిటారు మెట్లు, పైన ఒకటి రెండు గదుల్లో కుటుంబం మొత్తం. ఇవాళ అమ్మకపు ప్రకటనల్లో 'మూడంతస్తుల ఇల్లు' అని రాస్తారు. అంతస్తుకు ఒక గది, అందులో ఒకటి ఒకప్పటి పశువుల కొట్టం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ చల్లి, చిత్తడి ఎండగట్టి ఇటలీ మలేరియాను వదిలించుకుంది. రోడ్లు, రైళ్లు, ఫ్యాక్టరీలు అన్నీ పల్లంలోనే వచ్చాయి. ఊరిని కొండెక్కించిన కారణాలు ఒక్కటొక్కటిగా పోయాయి. ఊరు మాత్రం అక్కడే ఉండిపోయింది.

వలస, ఆ తర్వాత భూకంపం

1876 నుంచి 1915 వరకు సుమారు 1.4 కోట్ల మంది ఇటాలియన్లు దేశం వదిలి వెళ్లారు. దక్షిణాది నుంచి ఎక్కువగా న్యూయార్క్, బ్యూనస్ ఐరిస్ ఓడలెక్కారు. యుద్ధం తర్వాత రెండో అల వచ్చింది. 1946లో ఇటలీ బెల్జియంతో ఒప్పందం చేసుకుంది: మేం కూలీలను పంపుతాం, మీరు బొగ్గు ఇవ్వండి. ఇంకా ఎందరో తురీన్, మిలాన్, జర్మనీ ఫ్యాక్టరీలకు పోయారు. పాలమూరు బస్సుల గురించి, గల్ఫ్ వీసాల గురించి తెలిసినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ కనిపించదు. ఆగస్టు సెలవులకు, ఊరి దేవత ఉత్సవానికి అందరూ దిగడం, పది రోజులు ఊరు కిటకిటలాడటం, మళ్లీ తాళాలు పడటం అక్కడా ఉంది.

1968 జనవరిలో బెలీచే లోయలో భూకంపం వచ్చింది. జిబెల్లీనా లాంటి ఊళ్లు నేలమట్టమయ్యాయి. జిబెల్లీనాను పాత చోట వదిలేసి కిలోమీటర్ల అవతల కొత్తగా కట్టారు. పాత ఊరి శిథిలాల మీద కళాకారుడు అల్బెర్తో బుర్రి తెల్ల కాంక్రీటు పరిచి, వీధుల గీతల్లో మాత్రం నడిచే దారులు వదిలాడు. సంబూకా అంతగా దెబ్బతినలేదు, కానీ పాత పేటలోని చాలామంది ఊరి వెలుపల కట్టిన కొత్త ఇళ్లకు మారారు. భూకంపం తర్వాతి చట్టం ప్రకారం అలా వదిలేసిన పాత ఇళ్లు పురపాలక సంఘం చేతికి వచ్చాయి.

ఈ చివరి వాక్యం చిన్నదే గానీ సంబూకా విజయంలో సగం అక్కడే ఉంది. అమ్మేవాడు ఒక్కడే, కాగితం శుభ్రంగా ఉంది. మిగతా చాలా ఊళ్లలో మేయరు మధ్యవర్తి మాత్రమే, ఇంటి సొంతదారులు ఎక్కడెక్కడో ఉన్నారు. అసలు చిక్కంతా అక్కడే.

ముప్పయ్యారో వంతు ఇల్లు

ఇటలీ చట్టంలో సంతానానికి ఏమీ దక్కకుండా వీలునామా రాయడం కుదరదు. కొంత వాటా తప్పనిసరిగా వాళ్లదే. వీలునామా లేకపోతే అందరికీ సమానం. న్యాయమైన పద్ధతే, నాలుగు తరాలు గడిచాక ఏమవుతుందో లెక్కేసి చూద్దాం. భార్యాభర్తల వాటాలు పక్కన పెడదాం.

ఒక తాత. నలుగురు పిల్లలు, తలా పావు వంతు. పెద్దకొడుకు బ్యూనస్ ఐరిస్ వెళ్లాడు, అతనికి ముగ్గురు పిల్లలు: ఒక్కొక్కరిది పన్నెండో వంతు. రెండోవాడు తురీన్‌లో కార్ల ఫ్యాక్టరీకి వెళ్లాడు, ఇద్దరు పిల్లలు: ఎనిమిదో వంతు చొప్పున. కూతురు బెల్జియంలో, నలుగురు: పదహారో వంతు. చిన్నవాడు ఊళ్లోనే ఉన్నాడు, ఒక్కడే కొడుకు: పావు. అప్పటికే పదిమంది సంతకాలు కావాలి. బ్యూనస్ ఐరిస్ మనవల్లో ఒకరు చనిపోయి ముగ్గురు పిల్లలు మిగిలారంటే, వాళ్లు ముప్పయ్యారో వంతు వాటాదారులు, సంతకాలు పన్నెండు.

ఇల్లు 15,000 యూరోలకు పోయిందనుకుందాం. ముప్పయ్యారో వంతు 416 యూరోలు. ఆ 416 కోసం పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, కాన్సులేట్ చుట్టూ తిరిగి, తను ఎన్నడూ చూడని ఊళ్లో ముత్తాత పేరున్న రికార్డు వెతికించడం ఎవరికి పడుతుంది? అదీ అందరూ మంచిగా ఉంటే. ఇద్దరు దాయాదులకు మాటల్లేకపోతే ఆ ఇల్లు పైకప్పు కూలేదాకా అలాగే ఉంటుంది. ఒకే ఇంట్లో గదులు వేర్వేరు పేర్ల మీద ఉండటం కూడా ఉంది. రోమ్‌కు దక్షిణాన పాత్రికా అనే ఊరు ఇదే పథకం పెట్టి, పాడుబడ్డవి నలభై పైగా ఉంటే రెండే అమ్మగలిగింది. కారణం వారసులే.

అలాంటప్పుడు వారసుడు ఒక్క యూరోకు ఎందుకు ఒప్పుకుంటాడు? ఎందుకంటే ఆ ఇల్లు ఆస్తి కాదు, బరువు. రెండో ఇంటి మీద ఏటేటా ఆస్తిపన్ను ఉంటుంది. పైగా ఈ ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని, ఉమ్మడి గోడలతో ఉంటాయి. నీ కప్పు కూలి పక్కవాడి గోడ పగిలితే బాధ్యత నీది. పెంకులు వీధిలో పడుతుంటే మేయరు నోటీసు పంపుతాడు. ఒక్క యూరోకు వదిలించుకుంటే ఆ బెడద తప్పుతుంది.

ఒక్క యూరో ఎక్కడికి చేరుతుంది

కొనేవాడు ఆ ఒక్క యూరోతో తీసుకుంటున్నది ఇల్లు కాదు, దాన్ని బాగుచేసే బాధ్యత. అందుకే షరతులు. సంబూకాలో 2019 నాటి నిబంధనలు ఇవి: మూడేళ్లలో మరమ్మతు పూర్తి చేయాలి, కనీసం 15,000 యూరోలు ఖర్చు పెట్టాలి, 5,000 యూరోల ధరావతు కట్టాలి. పని పూర్తయితే ధరావతు వెనక్కి, లేకపోతే పోయినట్టే. వివరాలు ఊరిని బట్టి మారుతాయి గానీ చట్రం ఇదే.

ఇంకో మాట కూడా విప్పి చెప్పాలి. ఇటలీలో 'నోటయో' అంటే మన వీధి చివర స్టాంపు వేసే నోటరీ కాదు. ఆస్తి రికార్డులు పరిశీలించి, అప్పులూ తాకట్లూ ఉన్నాయేమో చూసి, దస్తావేజు రాసి, పన్ను వసూలుచేసి ప్రభుత్వానికి కట్టే అధికారి ఆయన. మన సబ్ రిజిస్ట్రారూ, ఈసీ తీసి చూసే లాయరూ ఒకే మనిషిలో ఉన్నారనుకోండి. ఫీజు కూడా ఇద్దరిదీ కలిపినట్టే ఉంటుంది.

ఇప్పుడు 80 చదరపు మీటర్ల ఇంటికి ఒక లెక్క. నోటయో, ఇంజినీరు, మరమ్మతు అంకెలు నా అంచనాలు. పన్నులు సాధారణ కొనుగోలుకు ఉండేవి.

వేలంలో మీరొక్కరే పాడారు, 1 యూరో. అక్కడే నివాసం ఉండనివాళ్లకు రిజిస్ట్రేషన్ పన్ను విలువలో 9 శాతం, కానీ ఎంత తక్కువైనా 1,000 యూరోలకు తగ్గదు. మరో రెండు చిన్న పన్నులు చెరో 50. అక్కడికి 1,101. నోటయోకు, ఇతర కాగితాలకు 3,000 అనుకుందాం. ప్లాను, అనుమతులకు ఇంజినీరుకు 6,000. ఇక పని: పాత పేటలో కప్పు దించి మళ్లీ కట్టడం, కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి. చదరపు మీటరుకు 1,000 యూరోల చొప్పున 80,000. దాని మీద 10 శాతం పన్ను 8,000.

మొత్తం 98,101 యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే తొంభై ఎనిమిది లక్షలు.

చదరపు మీటరు రేటు ఎందుకంత? ఆ సందుల్లోకి లారీ రాదు. పాత రోజుల్లో కప్పుకి, పైగది నేలకి అడుగున రెల్లు పరిచి, మీద జిప్సం పోసేవారు. నీరు దిగితే రెల్లు కుళ్లి, పట్టుకుంటే పొడిగా రాలుతుంది. దాన్ని విప్పి, చెత్తంతా చిన్న బండ్ల మీద కిందికి దింపాలి, కొత్త దూలాలు అదే దారిలో పైకి చేర్చాలి. పాత పేట కాబట్టి బయటి రూపం మార్చకూడదు. దీనికి తోడు 2020లో ఇటలీ ప్రభుత్వం ఇంటి మరమ్మతు ఖర్చులో 110 శాతం పన్ను రాయితీగా ఇస్తానంది. అవును, పెట్టినదానికంటే ఎక్కువ. దేశమంతా ఒకేసారి పరంజాలు లేచాయి, మేస్త్రీలు దొరకలేదు, సామాను రేట్లు ఎగిశాయి.

ముసోమెలి లాంటి చోట తాళం తీసి నేరుగా కాపురం పెట్టగల ఇళ్లు పదిహేను, ఇరవై వేల యూరోలకు దొరికిన సందర్భాలున్నాయి. ఒక్క యూరో వార్త చూసి ఊరికి వచ్చినవాళ్లలో చాలామంది చివరికి ఈ రెండో రకమే కొంటారు. ఊరికి కావలసిందీ అదే. బట్టల షాపు గుమ్మంలో పెట్టిన నూట యాభై రూపాయల చీరను ఎంతమంది కొంటారో మనకు తెలిసిందేగా.

భారతీయులకు ఇందులో ఎక్కడ అడ్డు తగులుతుంది

ఐరోపా సమాఖ్య బయటివాళ్ల విషయంలో ఇటలీ 'మీరు మాకు ఎలాగో మేం మీకు అలాగే' అన్న నియమం పాటిస్తుంది. మన విదేశీ మారక చట్టం (ఫెమా) కింద, విదేశాల్లో ఉండే విదేశీయుడు, భారత మూలాలు లేనివాడు, మామూలుగా ఇక్కడ స్థిరాస్తి కొనలేడు. కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని కొంటానంటే నోటయో మొదట పట్టుకునేది ఈ ప్రశ్నే. ఇటలీలో ఉండటానికి పర్మిట్ ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఈ అడ్డు లేదు. ఇక్కణ్నుంచి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పరిమితి ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్లు.

అందరూ తడబడేది వీసా దగ్గర. ఇల్లు కొన్నంత మాత్రాన అక్కడ ఉండే హక్కు రాదు. టూరిస్టు లెక్కన 180 రోజుల్లో 90 రోజులే. ఉద్యోగం చేయకుండా పెన్షనుతోనో అద్దెలతోనో బతకగలవాళ్లకు ఒక నివాస వీసా ఉంది గానీ, దానికి ఏటా 31,000 యూరోల దాకా ఆదాయం చూపించాలి, అక్కడ పని చేయకూడదు.

ఇంతకీ ఊరు బతుకుతోందా

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

ఒకటి మేయర్లది. కూలడానికి సిద్ధంగా ఉన్న ఇల్లు బాగుపడింది, పంచాయతీ సొమ్ము పైసా పోలేదు. మేస్త్రీకి, వడ్రంగికి పనొచ్చింది, మూసేద్దామనుకున్న కాఫీ బార్ తెరిచే ఉంది. సంబూకాలో వేలం ఇళ్లు 16 అయితే, ఆ హడావుడిలో ప్రైవేటుగా అమ్ముడుపోయినవి అంతకు ఎన్నో రెట్లు. ఇది ప్రచారమే అంటే, అవును, ప్రచారమే, అయితే ఏమిటంటారు.

రెండోది: వచ్చినవాళ్లు ఎవరు? ఎక్కువమంది వేసవికి వచ్చిపోయే విదేశీయులు, రిటైరైనవాళ్లు. ఫిబ్రవరి చలిలో ఆ కిటికీలు మళ్లీ మూతబడతాయి. బడిలో పిల్లలు పెరగరు. ఇటలీ మొత్తం మీద 2024లో పుట్టిన పిల్లలు 3,70,000 మంది, 5.9 కోట్ల జనాభా ఉన్న దేశంలో. దేశమే ముసలిదవుతుంటే ఇంటికి సున్నం కొట్టి లాభమేమిటని వీళ్ల ప్రశ్న.

దీన్ని తేల్చడానికి ఇటలీ ప్రభుత్వం వాడుతున్న కొలబద్దే నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపిస్తుంది. ఆర్థికవేత్త ఫాబ్రిజియో బార్కా మంత్రిగా ఉండగా మొదలైన 'లోపలి ప్రాంతాల' విధానం ఊళ్లను జనాభాతోనో ఆదాయంతోనో కాదు, నిమిషాలతో కొలిచింది. అన్ని రకాల హైస్కూళ్లు, అత్యవసర విభాగమున్న ఆసుపత్రి, ఓ మోస్తరు రైల్వే స్టేషన్ మూడూ ఉన్న పట్టణం కేంద్రం. మొదట పెట్టిన హద్దుల ప్రకారం, అక్కడికి 20 నిమిషాల్లోపు చేరితే దగ్గరి ఊరు, 40 వరకు మధ్యస్థం, 75 వరకు మారుమూల, అది దాటితే మరీ మారుమూల. ఈ లెక్కలో ఇంటి ధర ఎక్కడా లేదు. నెప్పులు మొదలైన గర్భిణికి ఇల్లు ఒక్క యూరోదా లక్ష యూరోలదా అన్నది పట్టదు, ఆసుపత్రి ఎన్ని నిమిషాలన్నదే పడుతుంది. 2025లో ఇదే విధానం కొత్త పత్రంలో, కొన్ని ఊళ్ల పతనం ఇక ఆగదు, దానికి తోడుగా నిలవడమే మిగిలింది అన్న అర్థంలో రాసేసరికి మేయర్లు, బిషప్పులు భగ్గుమన్నారు.

ఖాళీ ఇళ్లను వేరే దారిలో నింపిన ఊరూ ఒకటుంది. ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలోని రియాచేకు 1998లో కుర్దు శరణార్థుల పడవ కొట్టుకొచ్చింది. తర్వాత మేయరైన డొమెనికో లుకానో అలాంటివాళ్లకు మూతబడ్డ ఇళ్లు ఇప్పించాడు, పిల్లలొచ్చేసరికి బడి నిలిచింది. అక్రమ వలసకు సాయపడ్డాడన్న ఆరోపణపై 2018లో అరెస్టయ్యాడు. 2021లో 13 ఏళ్లకు పైగా శిక్ష పడింది, అప్పీలులో అది ఏడాదిన్నర సస్పెండెడ్ శిక్షకు తగ్గింది. 2024లో ఊరు మళ్లీ ఆయన్నే మేయరుగా ఎన్నుకుంది. అక్కడ జరిగింది మంచా చెడా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

ముసోమెలిలోనూ చిక్కు చివరికి ఆసుపత్రి దగ్గరే తేలింది. ఇళ్లకు కొనేవాళ్లు దొరికారు గానీ డాక్టర్లు దొరకలేదు. దాంతో మేయరు అర్జెంటీనాలో రొసారియో విశ్వవిద్యాలయంతో మాట్లాడి, అక్కణ్నుంచి డాక్టర్లను రప్పించాడు. వందేళ్ల కిందట లక్షలమంది ఇటాలియన్లు ఓడ దిగిన దేశం అది. మరోవైపు 2025లో రోమ్ ప్రభుత్వం చట్టం మార్చింది: ఇటలీలో పుట్టిన ముత్తాతను చూపించి పౌరసత్వం అడిగే దారి మూసేసి, తల్లిదండ్రులు, తాతల దగ్గరే ఆపింది. ముప్పయ్యారో వంతు వాటాదారుడి పిల్లలకు రేపు కొండ మీది ఇంట్లో హక్కు వస్తుంది. ముత్తాత పేరు చెప్పి ఆ దేశ పౌరులయ్యే దారి మాత్రం మూసుకుపోయింది.